లెడ్జర్ నానో ఎస్ ప్లస్: పరికరానికి నాలుగు మార్కులు, డబ్బాలో వచ్చిన కాగితాలకి సున్నా

ముందే చెప్పేస్తాను. లెడ్జర్ నానో ఎస్ ప్లస్ అనే ఈ క్రిప్టో వాలెట్, అంటే బిట్‌కాయిన్ లాంటివాటి తాళాన్ని దాచే బుల్లి పరికరం, చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. అయిదుకి నాలుగు ఇస్తాను. కానీ ఆ తాళాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి పనికొచ్చే 24 పదాలు రాసి దాచుకోమని డబ్బాలో పెట్టి ఇచ్చే కాగితాలున్నాయే, వాటికి మాత్రం సున్నా. బుడమేరు వాగు వరద ముంచిన మా విజయవాడ సింగ్‌నగర్‌లో కాపురం ఉన్నవాళ్లెవర్ని అడిగినా ఇదే మార్కు వేస్తారు.

నేను గవర్నర్‌పేటలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తారు. క్రిప్టో పిచ్చి మా ఇద్దరికీ లేదు, ఆ పిచ్చి మా తమ్ముడిది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ 2021 నుంచి నెలనెలా కాస్త బిట్‌కాయిన్, కాస్త ఈథర్ కొంటున్నాడు. నన్నూ లాగాడు. ఎంత ఉందో చెప్పను, మీరూ ఎవరికీ చెప్పకండి. ఊరంతా చాటుకున్నాక ఏ వాలెట్టూ కాపాడదు.

కొన్నవన్నీ ఎక్స్ఛేంజిలోనే, అంటే క్రిప్టో కొని అమ్మే సంస్థ దగ్గరే ఉండేవి. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల సరుకు హ్యాకర్లు ఎత్తుకుపోయారు. మన లెక్కలో 1,900 కోట్ల రూపాయల పైమాటే. మాది వేరే ఎక్స్ఛేంజి కాబట్టి మాకు నేరుగా తగల్లేదు. కానీ ఆ వారమంతా మా ఆఫీసుకు వచ్చిన కుర్రాళ్ల మొహాలు చూశాను. రిటర్నులో చూపించడానికి ఆస్తి ఉంది, తీసుకోవడానికి లేదు. అప్పుడు మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మనం కూడా మన చేతిలోకి తెచ్చేసుకుందాం. హార్డ్‌వేర్ వాలెట్ కొందాం" అన్నాడు. సరే అనుకునేలోపే సెప్టెంబరు 1 వచ్చింది, బుడమేరు వచ్చింది. ఆ సంగతి తర్వాత.

ఈ పరికరం ఏమిటో ముందు కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కాయిన్లు ఇందులో ఉండవు. అవి ఎప్పుడూ బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకం మీదే ఉంటాయి. వాటిని కదిలించే ప్రైవేట్ కీ ఒకటుంటుంది, అది ఇందులోని చిప్‌లో దాగి ఉంటుంది, కంప్యూటర్‌కి తగిలించినా మామూలుగా బయటికి రాదు. ఎవరికైనా పంపాలంటే పరికరం మీద బటన్లు నొక్కి ఒప్పుకోవాలి. ఆ కీని మళ్లీ పుట్టించగలిగేవి 24 ఇంగ్లీషు పదాలు. వాటినే సీడ్ ఫ్రేజ్ అనీ, రికవరీ ఫ్రేజ్ అనీ అంటున్నారు. పరికరం పోయినా, పగిలినా, కంపెనీయే మూతపడినా ఆ పదాలుంటే మరో పరికరంలోకి ఎక్కించుకోవచ్చు. పదాలు పోయి పరికరం కూడా పోయిందంటే ఇక అంతే సంగతులు. పొలం పాస్‌బుక్ పోతే తహసీల్దారు ఆఫీసు చుట్టూ పది సార్లు తిరిగైనా నకలు తెచ్చుకుంటాం, దీనికి తిరగడానికి ఆఫీసే లేదు. ఆ పదాలు ఎవరి కంట పడితే సొమ్ము వాళ్లది, పిన్ కూడా అక్కర్లేదు. అందుకే నా దృష్టిలో కొనేది పరికరాన్నే అయినా కాపాడుకోవాల్సింది పదాల్ని.

కొనుగోలు దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. లెడ్జర్ పారిస్ కంపెనీ. ఈ మోడల్ 2022లో వచ్చినప్పుడు ధర 79 డాలర్లు. మనదాకా వచ్చేసరికి పన్నులూ, షిప్పింగూ తోడై ఇంకాస్త పెరుగుతుంది. ఏలూరు రోడ్డు వైపు ఒక మొబైల్ షాపులో ఉందంటే వెళ్లి చూశాను. షాపు పేరెందుకులెండి. ఆ అబ్బాయి మర్యాదస్తుడే, టీ కూడా తెప్పించాడు. "మేడం, మీకు టెన్షన్ వద్దు, నేనే సెట్ చేసి, పదాలు కూడా నీట్‌గా రాసి ఇచ్చేస్తా" అన్నాడు. డబ్బా మీద ప్లాస్టిక్ కవరు అప్పటికే లేదు. టీ తాగి, థాంక్స్ చెప్పి బయటికొచ్చేశాను. అతను మోసగాడని అనడం లేదు. కానీ పదాలు వేరేవాళ్లు రాసిచ్చారంటే ఆ వాలెట్ వాళ్లదీ, మీదీ కూడా. మీరు డబ్బు వేసిన రెండేళ్లకైనా వాళ్లు తీసుకోవచ్చు. డబ్బాలోనే గీకి చూసుకునే కార్డు మీద పదాలు అచ్చేసి అమ్మే మోసాలు కూడా ఉన్నాయి. పదాలు పుట్టాల్సింది మీ కళ్ల ముందు, ఆ బుల్లి తెర మీద.

కాబట్టి కంపెనీ సైట్ నుంచే తెప్పించాను. అయితే ఇంటి అడ్రసు ఇవ్వలేదు, ఆఫీసుదిచ్చాను. ఈమెయిల్ కూడా దీనికోసమే ఒకటి కొత్తది చేసుకున్నాను. ఎందుకంటే 2020లో లెడ్జర్ వాళ్ల కస్టమర్ల వివరాలు లీకయ్యాయి. సుమారు 2,72,000 మంది పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు ఆ డిసెంబరులో నెట్‌లో ఎవరికి పడితే వాళ్లకి దొరికేలా పెట్టేశారు. ఈమెయిళ్లయితే పది లక్షలకు పైనే. పరికరాల్లోని కీలు పోలేదు, అది వేరే సంగతి. కానీ ఫలానా ఇంట్లో క్రిప్టో ఉందని దొంగకి తెలిసిపోవడం తక్కువ నష్టమా? మరుసటి ఏడాది ఆ లిస్టులోని కొందరి ఇళ్లకి నకిలీ లెడ్జర్లు పార్సిల్లో వచ్చాయి. పాతది ప్రమాదంలో పడింది, ఇది వాడండి, మీ పదాలు ఇందులో ఎక్కించండి అని ఉత్తరం కూడా పెట్టి మరీ పంపారు. పరికరానికి నేను తగ్గించిన ఒక్క మార్కూ ఈ లీకు ఖాతాలోకే వెళ్తుంది.

డబ్బాలో పరికరం, యూఎస్‌బీ తీగ, చిన్న కాగితం పుస్తకం, పదాలు రాసుకునే మూడు ఖాళీ షీట్లు ఉన్నాయి. సీలు స్టిక్కరు ఉండదు. మా ఆయన "సీలే లేదు, పాతదేమో" అని అనుమానపడ్డారు. కానీ లెడ్జర్ వాళ్లు కావాలనే పెట్టరు. స్టిక్కరుదేముంది, ఎవరైనా అచ్చు కొట్టించగలరు అని వాళ్ల వాదన. వన్‌టౌన్‌లో ప్రింటింగ్ ప్రెస్సులు చూసినవాళ్లం, కాదనలేం. అసలు పరీక్ష వాళ్ల యాప్ చేస్తుంది. పరికరాన్ని తగిలించాక లోపలి చిప్ అసలుదో కాదో కంపెనీ సర్వర్‌తో సరిచూస్తుంది. యాప్‌ని గూగుల్‌లో వెతికి పైన కనబడే ప్రకటన నొక్కకుండా, కంపెనీ సైట్ అడ్రసు మనమే టైప్ చేసి దించుకోవాలి.

సెట్ చేసే రోజు ఆదివారం పెట్టుకున్నాను. ఫోన్లన్నీ వేరే గదిలో పెట్టించాను. ల్యాప్‌టాప్ కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించాను. మా తమ్ముడు వీడియో కాల్‌లో ఉండి చెబుతానన్నాడు. "నువ్వు చెప్పేదేదో ఇప్పుడే చెప్పి పెట్టెయ్‌రా, పదాలొచ్చేటప్పుడు ఎవరూ ఉండకూడదు" అన్నాను. కాసేపు అలిగాడు, తర్వాత వాడే "కరెక్టే అక్కా" అన్నాడు.

పరికరం పెన్‌డ్రైవ్ కన్నా కాస్త పొడుగ్గా, స్టీలు మూతతో ముచ్చటగా ఉంది. రెండే బటన్లు. ఒకటి నొక్కితే అంకె పెరుగుతుంది, ఇంకోటి నొక్కితే తగ్గుతుంది, రెండూ కలిపి నొక్కితే ఓకే. పిన్ 4 నుంచి 8 అంకెల దాకా పెట్టుకోవచ్చు. పుట్టిన తేదీ, బండి నంబరు కాకుండా 8 అంకెలూ పెట్టుకోండి. ఆ తర్వాత పదాలు ఒక్కొక్కటిగా వస్తాయి. మొదటిది చూసి రాసుకుని పక్కకి నొక్కితే రెండోది. ఈ పదాలు 2,048 ఉన్న ఒక జాబితాలోంచి వస్తాయి. 2013లో వచ్చిన బిప్-39 అనే పద్ధతి అది, దాదాపు వాలెట్లన్నీ దాన్నే పాటిస్తాయి. అబాండన్‌తో మొదలై జూతో ముగిసే ఆ జాబితాలో తమాషా ఏమిటంటే, ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే ఉండవు. అంటే నాలుగేసి అక్షరాలు ఉంటే చాలు, పదం దొరికిపోతుంది. ఇది తర్వాత నాకు చాలా పనికొచ్చింది. వరస కూడా పదాలంత ముఖ్యం, ఏడోది ఎనిమిదోది తారుమారైతే వాలెట్ తెరుచుకోదు.

అంతా రాశాక పరికరమే పరీక్ష పెడుతుంది. మొదటి పదం ఏది, రెండోది ఏది అని 24 సార్లు అడిగి, సరైనది ఎంచుకుంటేనే ముందుకు పోనిస్తుంది. విసుగు పుడుతుంది. విసుక్కున్నా ఇది మంచి పద్ధతే. ఆ కంపెనీ నాదైతే దీని తర్వాత ఇంకో పరీక్ష కూడా పెడతాను. అదేమిటంటే:

డబ్బు పెట్టక ముందే వాలెట్‌ని చంపి మళ్లీ బతికించండి. చాలామంది చెయ్యనిది ఇదే. యాప్‌లో బిట్‌కాయిన్ అకౌంటు తెరిచి, కాయిన్లు వచ్చి చేరడానికి అది చూపించే అడ్రసు (పొడుగాటి అక్షరాలు, అంకెల వరస) ఒకటి కాగితం మీద రాసుకున్నాను. తర్వాత పరికరంలో కావాలనే తప్పు పిన్ కొట్టాను. లెడ్జర్‌లో మూడు సార్లు తప్పు పిన్ కొడితే లోపలున్నదంతా చెరిపేసుకుంటుంది, దొంగ చేతిలో పడితే పనికిరాకుండా. మూడోసారి కొట్టేటప్పుడు డబ్బేమీ లేదని తెలిసి కూడా నా వేలు కాస్త ఆగింది. చెరిగిపోయింది. కొత్త పరికరంలాగా మళ్లీ స్వాగతం చెప్పింది. ఈసారి పాత పదాలతో తిరిగి తెరిచే దారి ఎంచుకుని, నేను రాసుకున్న కాగితం చూస్తూ ఒక్కో అక్షరం ఎక్కించాను. రెండు బటన్లతో ఆంగ్ల అక్షరాలన్నీ తిప్పుకుంటూ పదం తెచ్చుకోవడం నిజంగా ఓపిక పని. కొన్ని అక్షరాలు కొట్టగానే ఇదా, ఇదా అని తనే పదాలు చూపిస్తుంది, అదొక్కటే ఊరట. 24వ పదం అయ్యాక యాప్‌లో చూస్తే అదే అడ్రసు, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. నా కాగితం మీద ఉన్నది నిజంగా తాళమేనని అప్పుడు నమ్మాను. ఇప్పటికే డబ్బు వేసేసినవాళ్లు చెరపక్కర్లేదు. రికవరీ చెక్ అని లెడ్జర్‌లోనే ఒక చిన్న యాప్ ఉంది, అది ఎక్కించుకుని పదాలు కొడితే సరిపోయాయో లేదో చెబుతుంది. గుర్తుపెట్టుకోండి, పదాలు కొట్టేది పరికరం మీదే, కంప్యూటర్ కీబోర్డు మీద కాదు. ఏ సైటు అడిగినా, ఏ కస్టమర్ కేర్ అడిగినా, చివరికి మా తమ్ముడు అడిగినా సరే, కాదు.

ఇప్పుడు కాగితాల సంగతి. 2024 వరదంటే బయటివాళ్లు ప్రకాశం బ్యారేజి చూపిస్తారు, 11 లక్షల క్యూసెక్కులు దాటింది, నిజమే. కానీ మా ఇంట్లోకి వచ్చింది కృష్ణ కాదు, బుడమేరు. కింది అంతస్తు నీళ్లలో రోజుల తరబడి ఉండిపోయింది. బీరువా కింది అరలో పత్రాలుండేవి. నీళ్లు తగ్గాక నేను మేడ మీద దుప్పటి పరిచి ఒక్కో కాగితం విడదీసి ఆరబెట్టాను. ఏ కాగితం బతుకుతుందో, ఏది చస్తుందో అప్పుడు తెలిసింది. జిరాక్సు తీసినవి బురద పట్టినా చదవడానికొచ్చాయి. బాల్‌పెన్ రాత వెలిసింది గానీ మిగిలింది. జెల్‌పెన్‌తో రాసినవి నీలం మరకలైపోయాయి. బిల్లు రోళ్ల కాగితం సంగతి అడగక్కర్లేదు. అన్నిటికన్నా ఘోరం లామినేషన్ చేయించినవి. అంచుల్లోంచి నీళ్లు దూరి, బయటికి పోయే దారి లేక, లోపలే బూజు పట్టాయి. భద్రమని డబ్బులిచ్చి మరీ చేయించినవి అవే.

అది చూసిన కళ్లతో లెడ్జర్ వాళ్ల మూడు షీట్లు చూస్తే నాకు నవ్వొచ్చింది. మంచి అట్టే, కాదనను. పారిస్‌లో బీరువాలోకి నీళ్లు రావేమో.

మా ఆయన, "ఫోటో తీసి ఫోన్లో పెట్టుకుంటే పోలా?" అన్నారు. పోదు. ఫోన్లో తీసిన ఫోటో మనకి తెలియకుండానే గూగుల్ ఖాతాలోకి ఎక్కిపోవచ్చు. ఆ ఖాతా పాస్‌వర్డు పోతే ఇదీ పోయినట్టే. జిరాక్సు షాపులైతే ఇంకా ఘోరం, వాట్సాప్ చెయ్యండి మేడం అంటారు, వాళ్ల కంప్యూటర్లో ఎవరెవరి ఆధార్లు ఉన్నాయో వాళ్లకే తెలీదు. స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టే మిషనుంది కదా అని ఇంకో ఐడియా వచ్చింది. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరికి ఒక ప్లేటు పట్టుకెళితే పది నిమిషాల్లో కొట్టిచ్చేస్తారు. కానీ కొట్టేవాడు చదువుతూనే కొడతాడు, పైన సీసీ కెమెరా ఉంటుంది.

చివరికి ఆటోనగరే దిక్కైంది. లారీ ఛాసిస్ మీద గుంటలుగా కొట్టిన నంబర్లు ఉంటాయి చూడండి, ఆ రకం ఇనప పంచ్‌లు సెట్‌గా దొరుకుతాయి. అక్షరాలకి ఒక సెట్టు, అంకెలకి ఒక సెట్టు. అంకెల సెట్టులో తొమ్మిదే ఉంటాయి, ఎందుకంటే 6నే తిప్పి 9గా కొడతారు. మా ఆయన 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, రెండు మిల్లీమీటర్ల మందంది, అరచెయ్యంత ముక్కలు రెండు కోయించి తెచ్చారు. అల్యూమినియం వద్దన్నాను, అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది, ఇల్లు తగలబడితే ఆ వేడి వచ్చేస్తుంది. ఈ స్టీలు కరగాలంటే 1,400 డిగ్రీలు కావాలి. నీళ్లకి తుప్పూ పట్టదు. కింద దన్ను కోసం షెడ్డులోని రైలు పట్టా ముక్క ఒకటి ఇంటికి మోసుకొచ్చారు.

కొట్టడం నేనే కొట్టాను. స్టెయిన్‌లెస్ గట్టి లోహం, బుజ్జగిస్తే అక్షరం పడదు. పంచ్‌ని నిలువుగా పట్టుకుని ఒకే దెబ్బ వెయ్యాలి. రెండో దెబ్బ వేస్తే పంచ్ జరిగి నీడ అక్షరం పడుతుంది, చదివేటప్పుడు తికమక. స్కెచ్ పెన్నుతో గీతలు గీసుకుని, సెల్లోటేపు అంటించి దాని అంచున పంచ్ ఆనిస్తే వరస తిన్నగా వస్తుంది. ఎం పంచ్ తలకిందులుగా పట్టుకుంటే డబ్ల్యులా, ఎన్ పక్కకి తిరిగితే జెడ్‌లా పడతాయి, అందుకని ప్రతి పంచ్‌కీ పై వైపు తెల్ల పెయింటు చుక్క పెట్టారు మా ఆయన. ఇంతకుముందు చెప్పాను కదా, నాలుగు అక్షరాలు చాలని. ఒక ప్లేటుకి 24 పదాలకీ కలిపి 96 అక్షరాలు మించవు, పక్కన వరస నంబర్లు. పూర్తి పదాలు కొట్టాలంటే నా చెయ్యి పడిపోయేది. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఏంటమ్మా, ఆదివారం పూట ఆ మోత" అంది. గేటుకి నంబరు ప్లేటు చేస్తున్నామని చెప్పాను.

బజారులో రెడీమేడ్ స్టీలు ప్లేట్లు కూడా ఉన్నాయి. అక్షరాల పలకలు జారవిడిచి మూత బిగించే రకాలూ, చుక్కలు కొట్టే రకాలూ. ఆటోనగర్ అందుబాటులో లేనివాళ్లకి అవి బాగానే ఉంటాయి. నాకు మాత్రం పరికరం ఖరీదుకి దగ్గరగా ఒక రేకు కొనడం మనసొప్పలేదు.

రెండు ప్లేట్లలో ఒకటి ఇంట్లో ఉంది, ఎక్కడో మీకు చెప్పను. రెండోది గుంటూరులో. మా అమ్మ బ్రాడీపేటలో ఉంటుంది, ఆవిడతో కలిసి అక్కడే బ్యాంకు లాకరు ఉంది. రెండూ ఒకే ఊళ్లో ఉంటే ఒకే వరదకి దొరికిపోతాయని ఈ ఏర్పాటు. లాకరు గురించి ఒక మాట. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివాటికి బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. వరద, భూకంపం లాంటి ప్రకృతి వైపరీత్యాలకైతే అసలు బాధ్యతే లేదు. అందుకే లాకరులో పెట్టింది కూడా స్టీలే, కాగితం కాదు. అంటుకున్న కవర్లో, పైన నా సంతకంతో.

మా తమ్ముడు 12 పదాలు నీ దగ్గర, 12 నా దగ్గర పెట్టుకుందామన్నాడు. వినడానికి తెలివైన మాటే. కానీ వాడిది పోయినా నాది పోయినా మొత్తం పోతుంది, అంటే పోయే దారులు రెండయ్యాయి. వద్దన్నాను. 24 పదాల పైన మనం సొంతంగా ఇంకో రహస్య పదం తగిలించుకునే సౌకర్యం కూడా లెడ్జర్‌లో ఉంది. అది మరిచిపోతే ప్లేటున్నా ఉపయోగం లేదు, మా ఇంట్లో నేను తప్ప ఇంకొకరు గుర్తుపెట్టుకునే పరిస్థితి లేదు. కాబట్టి అదీ వద్దు. దానికి బదులు మా ఆయనకీ, అమ్మకీ తెలుగులో ఒక ఉత్తరం రాసిపెట్టాను. ఈ చిన్న వస్తువు ఏమిటి, ప్లేటు ఎక్కడుంది, నాకేమైనా అయితే ఎవర్ని పిలవాలి, ఎవరు అడిగినా పదాలు ఫోన్లో చదవొద్దు అని. పదాలు మాత్రం అందులో లేవు.

డబ్బు మార్చడం పెద్ద విశేషమేమీ కాదు. ముందు చిన్న మొత్తం పంపి, అది చేరాక మిగతాది. అయితే ఎక్స్ఛేంజిలు ఒక్కో విత్‌డ్రాకి ఇంతని ఫీజు తీసుకుంటాయి, కాస్త కాస్తగా పది సార్లు పంపితే ఫీజులకే పోతుంది. పంపే ముందు అడ్రసుని కంప్యూటర్ తెర మీద కాదు, పరికరం తెర మీద చదివి పోల్చుకోవాలి. కాపీ చేసిన అడ్రసుని పేస్ట్ చేసేలోపు మార్చేసే వైరస్‌లున్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలెయ్యకుండా మధ్యలో కూడా చూడండి. బిట్‌కాయిన్‌లో లావాదేవీలు నమోదయ్యే బ్లాకు సగటున పది నిమిషాలకి ఒకటి పడుతుంది, కంగారుపడి మళ్లీ పంపకండి. ఈథర్ లాంటివాటికి మాత్రం ఎక్స్ఛేంజిలో నెట్‌వర్కు ఏదని అడుగుతుంది, అక్కడ మన వాలెట్ అకౌంటు ఏ నెట్‌వర్కుదో అదే ఎంచుకోవాలి, ఫీజు తక్కువని ఇంకోటి ఎంచుకోవద్దు.

పన్ను మాట ఎత్తకపోతే మా ఆఫీసులో ఒప్పుకోరు. ఎక్స్ఛేంజి నుంచి మన సొంత వాలెట్‌లోకి తెచ్చుకోవడం అమ్మకం కాదు. అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం, దాని మీద సెస్సు. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తగ్గించుకోనివ్వరు, ఈ పరికరం ఖరీదు కూడా. ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాంట్లో లాభంతో కొట్టెయ్యనివ్వరు. కాబట్టి వాలెట్‌లోకి తెచ్చేసుకున్నాం కదా అని ఎక్స్ఛేంజి ఖాతా మూసేసే ముందు కొనుగోళ్ల లెక్కంతా దించుకుని దాచండి. కొన్న ధరకి రుజువు అదొక్కటే. సీడ్ ప్లేటుని భద్రంగా దాచి, కొన్న లెక్క మాత్రం లేకుండా మా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తున్నాను.

ఇక పరికరంలో నచ్చనివి. తెర మరీ చిన్నది, నలుపు తెలుపు. పొడుగు అడ్రసు చదవాలంటే నాలాంటి చత్వారం వాళ్లకి అద్దాలు తప్పవు. దాంతో ఇచ్చే తీగ ఒక చివర పాత యూఎస్‌బీ, కొత్త ల్యాప్‌టాప్‌కీ, ఆండ్రాయిడ్ ఫోన్‌కీ పెట్టాలంటే వేరే తీగో, ఓటీజీ అనే మార్పిడి ముక్కో కొనుక్కోవాలి. ఐఫోన్‌తో పనిచెయ్యదు. బ్లూటూత్ లేదు, బ్యాటరీ లేదు. ఇవి లోపాలంటారు గానీ నాకు నచ్చాయి, అలమారాలో మూడేళ్లు పడేసినా ఉబ్బిపోయే బ్యాటరీ లేదు కదా. 2023లో ఈ కంపెనీయే రికవర్ అని నెలకి 9.99 డాలర్ల సర్వీసు ఒకటి ప్రకటించింది. మన గుర్తింపు కార్డు చూపిస్తే, కీని మూడు ముక్కలు చేసి, రహస్య లిపిలోకి మార్చి మూడు సంస్థల దగ్గర దాస్తారు. కావాలంటేనే తీసుకోవాలి, బలవంతం లేదు. అయినా కీ పరికరం దాటి బయటికి రాగల దారి ఒకటుందని తెలిసి చాలామంది మండిపడ్డారు. నేను తీసుకోలేదు. నా ముక్కలు నేనే స్టీలు మీద కొట్టుకున్నాను.

లోపలి ప్రోగ్రాం మొత్తం అందరూ చూసేలా బయట పెట్టకపోవడం లెడ్జర్ మీద ఇంకో ఫిర్యాదు. అది పట్టింపు అయితే చెక్ దేశం వాళ్ల ట్రెజర్ ఉంది, దాని ప్రోగ్రాం బహిరంగమే. మా తమ్ముడు తనకి ట్రెజర్ సేఫ్ 3 తీసుకున్నాడు. అందులో ఇప్పుడు మామూలుగా 20 పదాలొస్తాయి, పద్ధతి కూడా వేరు, లెడ్జర్‌లోకి అవి ఎక్కవు. ఆ సంగతి తెలుసుకుని కొనండి.

వెయ్యో రెండు వేలో క్రిప్టో ఉన్నవాళ్లకి ఇవన్నీ అనవసరం. ఏదైనా మంచి ఫోన్ వాలెట్ పెట్టుకుని, దాని పదాలు ఇదే విధంగా దాచుకుంటే చాలు. నెల జీతానికి మించి ఉంటే మాత్రం కొనొచ్చు. కొన్న రోజే ఆటోనగర్ వైపు కూడా ఒక ట్రిప్పు వెయ్యండి. ఊళ్లో లేనివాళ్లకి, పంచ్ సెట్లు హార్డ్‌వేర్ కొట్లలో కూడా అడిగితే తెప్పిస్తారు. మా తమ్ముడు తన 20 పదాల్ని ఇంకా కాగితం మీదే పెట్టుకుని తిరుగుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు కొట్టిద్దామని రైలు పట్టా ముక్కని షెడ్డుకి తిరిగి పంపకుండా మెట్ల కింద ఉంచాం.